కాలవ కట్టేశారంటే ఇంగ్లీషులో ఏమనాలి?

దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలు అయ్యాక మా గోదావరి డెల్టాలో కాలవలు కట్టేస్తారు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర కాలవల తలుపులు దించగానే ఊళ్ళలో నీరు రోజురోజుకీ లాగేస్తుంది. మే నెలకల్లా కాలవ అడుగున బురద, ఎండిన గుర్రపుడెక్క, ఎప్పుడో జారిపోయిన చెప్పులూ చెంబులూ బయటపడతాయి. పూడిక తీసేవాళ్ళు తీస్తారు, లాకులకి మరమ్మతులు చేసేవాళ్ళు చేస్తారు. జూన్‌లో మళ్ళీ నీళ్ళు వదులుతారు. ఇక్కడ పుట్టినవాళ్ళకి ఇందులో వివరించాల్సిందేమీ లేదు.

నేను అమలాపురంలో సాయంత్రం పూట డిగ్రీ పిల్లలకి ఇంగ్లీష్ చెబుతుంటాను. మొన్న వేసవిలో 'కాలవలు కట్టేశారు' అన్న వాక్యం ఇచ్చి ఇంగ్లీషులో రాయమన్నాను. ఒకమ్మాయి 'ద కెనాల్స్ స్టాప్డ్' అని రాసింది. పక్కనున్న కుర్రాడు 'దే స్టాప్డ్ ద కెనాల్స్' అన్నాడు. ఫోన్లో డిక్షనరీ వెతుక్కున్న ఇంకొకడు 'ద కెనాల్స్ వర్ టర్మినేటెడ్' అని రాసి, 'పెద్ద మాట కదా మాస్టారూ, బాగుంటుందని పెట్టానండి' అన్నాడు.

మొదటి వాక్యం చదివితే కాలవలు ఎక్కడికో నడిచి వెళ్తూ మధ్యలో ఆగినట్టుంటుంది. రెండోది చదివితే కాలవల్ని ఎవరో అడ్డగించినట్టుంటుంది. మూడోది చదివితే కాలవల కథే ముగిసిపోయినట్టుంటుంది. రాయాల్సింది చాలా చిన్న మాట: 'ద కెనాల్స్ ఆర్ క్లోజ్డ్'. ఇరిగేషన్ వాళ్ళ ఉత్తరాల్లో కూడా దీన్ని 'క్లోజర్' అనే రాస్తారు. అయితే ఆ పిల్లల తప్పు తెలివితక్కువ వల్ల వచ్చింది కాదు. బడిలో మనందరికీ 'స్టాప్ అంటే ఆపు' అని ఒక్క ముక్క చెప్పి వదిలేశారు. నిజానికి ఆపడానికి సంబంధించి మన తెలుగులో ఎన్ని మాటలున్నాయో, ఏది ఎక్కడ వాడాలో ఆ పిల్లలకి బాగా తెలుసు. ఆ తెలివిడినే ఇంగ్లీషుకి వాడుకోవచ్చని ఎవరూ చెప్పలేదు.

ముందు మన ఇంట్లో ఉన్నది చూద్దాం. తెలుగులో ఆగు వేరు, ఆపు వేరు. బస్సు ఆగింది, డ్రైవరు బస్సు ఆపాడు. ఇంగ్లీషులో రెండిటికీ స్టాప్ ఒక్కటే. 'ద బస్ స్టాప్డ్', 'ద డ్రైవర్ స్టాప్డ్ ద బస్'. దానంతటది ఆగిందా, ఎవరైనా ఆపారా అన్నది మాటలో తెలియదు, వాక్యంలో మాట ఎక్కడుందో చూసి తెలుసుకోవాలి. ఈ విషయంలో మన భాషే స్పష్టంగా ఉంది. అందుకే ఇంగ్లీష్ నేర్చుకునేవాళ్ళు తరతరాలుగా తడబడే ఒక చోట తెలుగువాళ్ళం తడబడాల్సిన పని లేదు.

అది స్టాప్ తర్వాత 'టు' రావాలా, 'ఇంగ్' రావాలా అన్న చోటు. ఒకాయన సఖినేటిపల్లి రేవుకి సైకిల్ మీద వెళ్తూ దారిలో చుట్ట కాల్చడానికి ఆగాడు. అప్పుడు 'హీ స్టాప్డ్ టు స్మోక్'. అదే ఆయన డాక్టరు గట్టిగా చెప్పడంతో చుట్ట కాల్చడం మానేశాడు. అప్పుడు 'హీ స్టాప్డ్ స్మోకింగ్'. ఈ రెండూ తారుమారైతే మానేసిన మనిషి మళ్ళీ ముట్టించినట్టవుతుంది. గ్రామర్ పుస్తకాల్లో దీనికి ఇన్ఫినిటివ్, జెరండ్ అని పేర్లుంటాయి. నేను అవి చెప్పడం మానేశాను. వాక్యం ముందు తెలుగులో అనుకోండి. 'డానికి' అని వస్తే టు పెట్టండి, 'డం' అని వస్తే ఇంగ్ పెట్టండి. తాగడానికి ఆగాడు, టు డ్రింక్. తాగడం ఆపాడు, డ్రింకింగ్. స్టాప్ వరకూ ఇది తప్పిపోవడం నేను చూడలేదు.

ఇక్కడ తెలుగు ఇంకో మెట్టు లోపలికి వెళ్తుంది. కాల్చడం ఆపాడు అంటే ఎవరో పెద్దాయన వస్తున్నాడని చేతిలో చుట్ట ఆర్పేశాడని అర్థం. కాల్చడం మానేశాడు అంటే అలవాటే వదిలేశాడు. ఇంగ్లీషు స్టాప్డ్ స్మోకింగ్‌లో రెండూ కలిసిపోతాయి. అలవాటు సంగతే అని తేలాలంటే 'క్విట్' గానీ 'గివ్ అప్' గానీ వాడాలి. క్విట్ అన్నది మనకి 1942 నుంచీ చెవిన పడుతున్న మాటే. క్విట్ ఇండియాలో దాని అర్థం చోటు విడిచి వెళ్ళమని. ఇప్పుడు ఎక్కువగా ఉద్యోగం వదిలేయడానికీ, అలవాటు మానడానికీ వాడుతున్నారు. దీనికి పాస్ట్ టెన్స్ కూడా క్విట్టే, చివర ఏమీ చేర్చక్కర్లేదు. మాట పుట్టుక లాటిన్ 'క్వియేటస్'లో ఉంది. అంటే నెమ్మదించినది, విశ్రాంతిలో ఉన్నది. నిశ్శబ్దం అనే అర్థంలో వాడే క్వయిట్ కూడా దీని తోబుట్టువే. మన 'మాను' దీనికి చాలా దగ్గరగా ఉండటం నాకెప్పుడూ ఆశ్చర్యమే. తాగుడు మానాడు అంటాం, దెబ్బ మానింది అని కూడా అంటాం. వదిలేయడానికీ, గాయం నయం కావడానికీ మనకి ఒకటే మాట.

ఇప్పుడు స్టాప్ దగ్గరికి వద్దాం. ఈ మాట మొదట బస్సుకీ మనిషికీ సంబంధించింది కాదు. పాత ఇంగ్లీషులో దాని అర్థం కన్నం పూడ్చడం, సందు మూసేయడం. పడవ చెక్కల సందుల్లో కూరే నారపీచుని లాటిన్‌లో 'స్టుప్పా' అనేవారు, అక్కడి నుంచే ఇది వచ్చిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. కారేది కారకుండా చేయడం, ఆ తర్వాత ప్రవాహాన్ని నిలపడం, ఇంకా తర్వాత కదిలే దేన్నైనా నిలపడం, ఇలా అర్థం పెరుగుతూ వచ్చింది. సీసా బిరడాని 'స్టాపర్' అనడం, ప్లంబరు నీళ్ళు కట్టేసే కుళాయిని 'స్టాప్ కాక్' అనడం ఆ పాత అర్థం తాలూకు మిగులే. పద్యనాటకాల్లో హార్మోనియం చూసినవాళ్ళకి దాని ముందు వైపు లాగే గుబ్బలు తెలిసే ఉంటాయి. వాటినీ ఇంగ్లీషులో స్టాప్స్ అంటారు, కాకపోతే అక్కడ గుబ్బ బయటికి లాగితే గాలికి దారి వస్తుంది. శక్తి అంతా పెట్టి పనిచేయడాన్ని 'పుల్ అవుట్ ఆల్ ద స్టాప్స్' అనడం చర్చిల్లోని ఆర్గన్‌కి ఉండే ఇలాంటి గుబ్బల నుంచే వచ్చింది.

అంటే స్టాప్ పుట్టింది గండి పూడ్చడంలో. గోదావరి వాళ్ళకి ఇంతకంటే దగ్గరి పోలిక దొరకదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చినప్పుడు ఏటిగట్లు తెగి ఊళ్ళకి ఊళ్ళు మునిగాయి. గట్టు బలహీనపడిన చోట ఇసుక బస్తాలు, తాటి దుంగలు, చేతికందినదల్లా వేసి ఆపడానికి చూసినవాళ్ళు ఇప్పటికీ ఆ రాత్రుల సంగతి చెబుతారు. ఇంగ్లీషులో తాత్కాలికంగా పెట్టే ఏర్పాటుని 'స్టాప్‌గ్యాప్' అంటారు. ఆ మాటని విడదీస్తే సందుని పూడ్చినది అనే వస్తుంది. స్టాప్‌గ్యాప్ అంటే ఏమిటని ఇంటర్వ్యూలో అడిగితే మా పిల్లలు ఇసుక బస్తా తలుచుకుంటే చాలు.

ప్రవాహం సంగతి వచ్చింది కాబట్టి మన పక్క నుంచి ఇంగ్లీషుకి వెళ్ళిన మాట ఒకటి చెప్పాలి. ఇంగ్లీష్ నిఘంటువుల్లో 'ఆనికట్' అని ఉంటుంది. తమిళుల అణైకట్టు, మన ఆనకట్ట ఒకే కుటుంబం, దొరలు ఆ మాటను తమిళం నుంచి తీసుకుని అలాగే ఉంచేసుకున్నారు. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేసిన కట్టడాన్ని వాళ్ళ రికార్డుల్లో గోదావరి ఆనికట్ అనే రాశారు. దాని స్థానంలో 1982కి పూర్తయిన ఇప్పటి బ్యారేజీకి 175 తలుపులు ఉన్నాయి. ఇదంతా నది ఆపడానికి కాదు. గోదావరిని ఆపడం ఎవరి తరం! నీటిమట్టం పెంచి కాలవల్లోకి మళ్ళించడం, మిగిలింది సముద్రానికి వదలడం, ఇంతే దాని పని. అందుకే నది నీటి గురించి ఇంజనీర్లు రాసే ఇంగ్లీషులో స్టాప్ కంటే వేరే మాటలే ఎక్కువ. మళ్ళిస్తే 'డైవర్ట్', పట్టి ఉంచితే 'హోల్డ్ బ్యాక్', జోరు తగ్గిస్తే 'చెక్'. ఈ చెక్ చదరంగం నుంచి వచ్చింది, దాని వెనక రాజు అనే అర్థమున్న పారసీ 'షా' ఉంది. రాజుకి చెక్ చెప్తే ఆట ఆగిపోదు, రాజు మాత్రం ఇష్టమొచ్చినట్టు కదల్లేడు. చెక్ డ్యామ్ మీద నుంచి నీళ్ళు పొర్లి వెళ్ళడం చూసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. మన 'బంద్' కూడా పారసీ మాటే, అక్కడ 'బంద్' అంటే కట్టు. ఇంగ్లీషువాళ్ళు అదే మాటని కట్ట అనే అర్థంలో తీసుకుని 'బండ్' అన్నారు. ట్యాంక్ బండ్‌లో బండ్, కొట్లు మూయించే బంద్ రెండూ ఒకటే. మనం కట్టు నుంచి కట్ట చేసుకున్నాం, కాలవ కట్టేశారు అంటున్నాం. పారసీవాళ్ళు నడిచింది కూడా ఇదే దారి.

ఇంగ్లీషులో ఆపడానికి ఉన్న మాటల్లో అసలు చిక్కు ఇంకోటి. ఏ మాట వాడినా అది చదివేవాడి మనసులో ఒక ప్రశ్నకి జవాబు చెప్పేస్తుంది. మళ్ళీ మొదలవుతుందా?

దీనివల్ల దెబ్బతిన్న కుర్రాడొకడు నాకు తెలుసు. నా దగ్గరే చదువుకుని భీమవరం వైపు రొయ్యలు ఎగుమతి చేసే ఒక ఆఫీసులో చేరాడు. ఓసారి మిషన్ల మరమ్మతు కోసం ఒక సైజు ప్యాకింగ్ పది రోజులు ఆపారు. ఆ సంగతి కొనేవాళ్ళకి మెయిల్ పెట్టమన్నారు. స్టాప్ అంటే మరీ మామూలుగా ఉంటుందని 'డిస్కంటిన్యూడ్' అని రాశాడు. రెండు రోజులకి వాళ్ళ నుంచి మర్యాదగా జవాబు వచ్చింది. ఇన్నాళ్ళూ సరుకు ఇచ్చినందుకు థ్యాంక్స్, ఇకపై ఆ సైజు వేరేచోట చూసుకుంటున్నాం అని. ఆ రాత్రి మా వీధి అరుగు మీద కూర్చుని ఫోన్ నా చేతికిచ్చాడు. 'నేను ఏం తప్పు రాశానండి మాస్టారూ? ఆపామనే కదా రాశాను' అన్నాడు. వాడి మొహంలో టెన్షన్ చూస్తే నాకు కడుపులో తిప్పినట్టయింది. ఎందుకంటే ఆ తేడా వాడికి నేను క్లాసులో చెప్పలేదు.

డిస్కంటిన్యూ అంటే ఇక ఉండదని. మన దేశంలో టెలిగ్రామ్ 2013 జులైలో పోయింది, దానికి ఈ మాట సరిగ్గా సరిపోతుంది. వాక్యం అయిందని చెప్పడానికి స్టాప్ అని రాసిన టెలిగ్రాములు ఇంక రావు. మా కుర్రాడు రాయాల్సింది 'టెంపరరిలీ సస్పెండెడ్' అని. లేదా 'ఆన్ హోల్డ్' అన్నా సరిపోయేది. సస్పెండ్ అంటే లాటిన్‌లో వేలాడదీయడం. సస్పెన్స్‌లో ఉన్నదీ అదే, ఆఫీసుల్లో మనం రోజూ అనే పెండింగ్‌లో ఉన్నదీ అదే వేలాడటం. ఉద్యోగిని సస్పెండ్ చేశారంటే తీసేశారని కాదు, తేలేదాకా గాలిలో ఉంచారని. వరద పెరిగినప్పుడు నరసాపురం రేవులో జనాన్నీ బళ్ళనీ ఏరు దాటించే పంటు నిలిపేస్తారు, అది కూడా సస్పెండ్ చేయడమే. నది తగ్గితే మళ్ళీ తిరుగుతుంది. 'నిలిపేశారు'లో మనకి ఆ ఆశ వినిపిస్తుంది. 'ఎత్తేశారు' అంటే వినిపించదు. పలానా బస్సు ఎత్తేశారు అంటే ఇక రాదు. కాబట్టి ఎత్తేయడం డిస్కంటిన్యూ, నిలిపేయడం సస్పెండ్. ఇప్పుడు క్లాసులో ఈ జత మొదటి వారమే చెప్పేస్తున్నాను.

'పాజ్' చాలా చిన్నది, ఊపిరి తీసుకునేంత. 'హాల్ట్' పోలీసు పెరేడ్‌లో, ఎన్‌సీసీలో వినే మాట, జర్మన్ సైనికుల దగ్గర నుంచి వచ్చింది. పూర్తిగా ఆగాలి, కానీ అక్కడే ఉండిపోవడానికి కాదు. రాత్రి మా ఊళ్ళో పడుకుని తెల్లవారుజామున బయల్దేరే ఆర్టీసీ బస్సుని నైట్ హాల్ట్ బస్సు అంటాం, అది సరైన వాడుకే. 'టర్మినేట్'లో ఉన్న 'టెర్మినస్' అంటే సరిహద్దు రాయి. ఆ రాయి దాటితే మన పొలం కాదు. కాంట్రాక్టుకీ ఉద్యోగానికీ వాడతారు, కాలవకి వాడరు. 'క్యాన్సిల్' అంటే జాలీ అల్లినట్టు అడ్డగీతలు కొట్టడం, మన 'కొట్టేయడం' లాంటిదే. లీగల్ నోటీసుల్లో 'సీజ్ అండ్ డెసిస్ట్' అని జంటగా కనిపిస్తాయి. సీజ్ అంటే చేస్తున్నది ఆపమని, డెసిస్ట్ అంటే మళ్ళీ చేయొద్దని. సామాను జప్తు చేసే సీజ్ స్పెల్లింగ్ వేరు, అర్థమూ వేరు. తెలుగులో రాస్తే రెండూ ఒకేలా ఉండటం మన కర్మ.

ఇలాంటి కవల మాట ఇంకోటి ఉంది, దాని వల్ల ఇంకా ఎక్కువ ఇబ్బంది. 'పనులకు బ్రేక్' అని పేపర్లో హెడ్డింగ్ వస్తుంది. అది బండికి వేసే బ్రేకా, టీ తాగడానికి ఇచ్చే బ్రేకా? మొదటిది ఆపేది, రెండోది కాసేపు విరామం. ఇంగ్లీషులో స్పెల్లింగ్ మారుతుంది, తెలుగులో ఒకటే. పేపర్లో రెండర్థాలూ కుదురుతాయి కాబట్టి ఎవరికీ నష్టం లేదు. కానీ పిల్లలు తిరిగి ఇంగ్లీషులో రాసేటప్పుడు తప్పు స్పెల్లింగ్ పడుతుంది. అలాగే కండక్టరు 'హోల్డాన్' అని అరిస్తే మన బస్సు ఆగుతుంది. ఇంగ్లీషువాడితో అంటే కాస్త ఉండమంటున్నారనుకుంటాడు, ఫోన్లోనైతే లైన్లో ఉంటాడు. రైలుకి తణుకులో 'స్టాపింగ్' ఉందా అని అడుగుతాం. వాళ్ళు 'డజ్ ఇట్ స్టాప్ ఎట్ తణుకు' అంటారు. మన రైల్వే వాడే 'స్టాపేజీ' బ్రిటన్‌లో వింటే కార్మికులు పని మానేశారనో, జీతంలో కోత పడిందనో అనుకుంటారు. ఇవన్నీ మన గడ్డ మీద తప్పులు కావు. మన ఇంగ్లీషు మనది. బయటివాళ్ళకి రాసేటప్పుడు మాత్రం చూసుకోవాలి.

ఇంకా మొదలే కాని దాన్ని ఆపడం వేరు. దానికి 'ప్రివెంట్' ఉంది, లాటిన్‌లో ముందుగా రావడం అని అర్థం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలంలో వేటాడకుండా ముందే అడ్డుపడటం దాని ఉద్దేశం. అంతర్వేది వైపు 'వేట బందు' అంటారు. వార్త రాస్తే 'బ్యాన్', దాని ప్రయోజనం చెబితే ప్రివెంట్. 2011 సార్వాలో, అంటే ఖరీఫ్ పంటకి, కోనసీమ రైతులు చేసింది మళ్ళీ వేరు. గిట్టుబాటు ధర లేక, కూలి ఖర్చులు పెరిగి, ముంపు నీరు దిగక విసిగిపోయి వేల ఎకరాల్లో నాట్లే వేయలేదు. దాన్ని స్టాప్డ్ అనలేం, ఆ పంట అసలు మొదలే పెట్టలేదు. క్విట్ అనలేం, వ్యవసాయం వదల్లేదు. 'క్రాప్ హాలిడే' అన్నారు. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, సెలవు అన్న మాటలో మళ్ళీ చేలోకి దిగుతామన్న మాట కూడా ఉంది. వరి పండించే చేతులు ఊరికే ఉండటానికి అంతకంటే సరైన మాట నాకు తట్టలేదు.

కొన్ని చోట్ల మాత్రం స్టాప్ గుమ్మం దాటనివ్వకూడదు. కరెంటు పోయింది అంటే 'ద పవర్ ఈజ్ అవుట్', కరెంట్ స్టాప్డ్ కాదు. ఫ్యాన్ ఆపు, మోటారు కట్టు, లైటు తీసేయి, ఈ మూడిటికీ ఇంగ్లీషులో 'టర్న్ ఆఫ్' చాలు. అన్నం తినడం అయిపోతే 'ఫినిష్డ్', కంచంలో వదిలేసి లేస్తే స్టాప్డ్. పెళ్ళివారింట్లో ఈ తేడా తెలియకపోతే వడ్డించినవాళ్ళు నొచ్చుకుంటారు.

వాన దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. జులైలో మా క్లాసు రేకుల మీద వాన పడుతుంటే నా మాట ఎవరికీ వినపడదు, ఊరికే కూర్చుంటాం. జోరు తగ్గితే తగ్గింది అంటాం, దానికి 'ఈజ్డ్ ఆఫ్' ఉంది. మధ్యలో కాస్త సందిస్తే తెరిపిచ్చింది అంటాం. ఇళ్ళకి పరిగెత్తేవాళ్ళు అప్పుడే పరిగెత్తుతారు. దానికి 'లెట్ అప్' ఉంది, చక్కగా సరిపోతుంది. ఆఖరికి వాన వెలుస్తుంది. చూరు నుంచి చినుకులు ఇంకా పడుతుంటాయి, కొబ్బరాకులు కడిగినట్టుంటాయి, ఆకాశం తెల్లబడుతుంది. 'క్లియర్డ్ అప్' అన్నది దీనికి దగ్గరగా వస్తుంది. కానీ బట్టకి రంగు వెలిసింది, గుట్ట మీద స్వామి వెలిశాడు అనే ఆ వెలియడమే వానకీ వాడతాం కదా, అదేంటండీ ఇంగ్లీషులో అని టర్మినేటెడ్ రాసిన కుర్రాడే అడిగాడు. బోర్డు మీద 'ద రెయిన్ హాజ్ స్టాప్డ్' అని రాసి, పక్కన తెలుగులో 'వెలిసింది' అని రాసి వదిలేశాను.